చెవి దిబ్బడకి ముక్కులో శబ్దం పెట్టి పరీక్షా?

ప్ర: డాక్టరుగారూ, నా వయసు 47, మాది తిరుపతి. ఏడాది నుంచి కుడి చెవి దిబ్బడ వేసినట్టే ఉంటోంది. కొండకి వెళ్లొస్తే అందరి చెవులూ ఘాట్ రోడ్డు దిగగానే టప్‌మని తెరుచుకుంటాయి, నాది మర్నాటికి గానీ తెరుచుకోదు. టింపనోమెట్రీ చేసి నార్మల్ అన్నారు. జపాన్‌లో ఉన్న మా అబ్బాయేమో, అక్కడ ముక్కులో శబ్దం పెట్టి చెవిలో మైకుతో వినే పరీక్ష ఉంది, అది చేయించుకో అని ఒకటే పోరు. నిజంగా ఉందా అలాంటిది?
– ఒక పాఠకురాలు

జ: ఉందమ్మా. సోనోట్యూబోమెట్రీ అంటారు. పేరు చూసి హడలిపోకండి, సంగతి తేలికే.

ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది, పెద్దవాళ్లలో సుమారు మూడున్నర సెంటీమీటర్లు, అదే యూస్టేషియన్ నాళం. ఇది మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో అర సెకను కూడా పట్టకుండా తెరుచుకుని, గాలి ఒత్తిడిని సర్దేసి మళ్లీ మూసుకుంటుంది. కొండ దిగుతుంటే బయట ఒత్తిడి పెరుగుతుంది కదా, గొట్టం తెరుచుకోకపోతే లోపల పాత ఒత్తిడే ఉండిపోయి కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. మీ దిబ్బడ అదే కావచ్చు.

పరీక్షలో ముక్కుపుటం దగ్గర ఒక శబ్దం ఆగకుండా మోగుతుంటుంది, చెవి రంధ్రంలో మైకు ఉంటుంది, మీరు గుటక వేస్తారు. గొట్టం తెరుచుకుంటే ఆ శబ్దం చెవిలోకి జారి మైకులో ఒక్కసారిగా పెరుగుతుంది. 5 డెసిబెల్స్ పెరిగితే తెరుచుకుందని లెక్క. శబ్దం 7 కిలోహెర్ట్జ్ దగ్గర, చెవులు గింగురుమనేంత కీచుగా ఉంటుంది, ఎందుకంటే గుటక వేసేటప్పుడు వచ్చే చప్పుడు ఎక్కువగా బొంగురు స్వరాల్లో ఉంటుంది, రెండూ కలిసిపోతే ఏది ఏదో తెలీదు. కొత్త ఆలోచనేం కాదిది. శృతిదండాన్ని ముక్కు ముందు పెట్టి గుటక వేస్తే దాని మోత చెవికి పెద్దగా వినిపిస్తుందని వియన్నా చెవి వైద్యుడు ఆడమ్ పొలిట్జర్ 1869లోనే గమనించాడు.

మరి మీ టింపనోమెట్రీ తప్పా? కాదు. అదీ శబ్దంతో చేసేదే. 226 హెర్ట్జ్ శబ్దం పెట్టి, చెవి రంధ్రంలో గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి ఎలా కదులుతోందో చూస్తారు. ట్యాంకులో నీళ్లున్నాయని చెబుతుంది గానీ మోటారు సరిగ్గా తిరుగుతోందో లేదో చెప్పదు. మీరు చెవి బాగున్న రోజున వెళ్లుంటారు, నార్మల్ వచ్చింది. రిపోర్టూ నిజమే, మీ బాధా నిజమే.

అయినా సోనోట్యూబోమెట్రీ కోసం ఊళ్లు తిరగమని నేను చెప్పను. మన దగ్గర చాలా అరుదు, పైగా ఏ బాధా లేనివాళ్లలో కూడా కొన్ని గుటకలకి శబ్దం పెరగదు, కాస్త చీమిడి అడ్డుపడినా చాలు ఫలితం తారుమారవుతుంది. నాకు టెన్షన్ పెట్టిన మాట వేరే ఉంది: ఒక్క కుడి చెవే, అదీ ఏడాదిగా. ఈ వయసులో ఒకే వైపు దిబ్బడ ఇన్నాళ్లు ఉంటే ఎండోస్కోపీ కెమెరాతో ముక్కు వెనక భాగం చూడాల్సిందే. చాలామందిలో అలర్జీయో, దవడ కీలు నొప్పో బయటపడుతుంది, కానీ ఎప్పుడో ఒకరిలో అక్కడ గడ్డ ఉండి గొట్టం నోటిని నొక్కుతుంటుంది. ముందు అది చేయించండి, ఈ నెలలోనే. జపాన్ పరీక్ష సంగతి తర్వాత చూద్దాం.

ప్ర: సార్, డైటింగ్ చేసి 14 కిలోలు తగ్గాను. అప్పటి నుంచి నా గొంతు నాకే మైకులో మాట్లాడినట్టు వినిపిస్తోంది, ఊపిరి కూడా చెవిలో హోరుమంటోంది. పడుకుంటే తగ్గుతుంది. బ్లాక్ అయిందని ముక్కు చుక్కలు వాడుతున్నా.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: బాబూ, మీ లక్షణాలు పై ఉత్తరానికి సరిగ్గా తలకిందులు. మీ గొట్టం తెరుచుకోకపోవడం కాదు, మూసుకోకపోవడంలా ఉంది. దాని చుట్టూ మెత్తలా ఉండే కొవ్వు ఒళ్లు తగ్గినప్పుడు కరిగి ఇలా అవుతుంది. పైన చెప్పిన శబ్ద పరీక్ష నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే: గుటక వేయకముందే శబ్దం చెవిలోకి వచ్చేస్తుంటుంది. ఆ యంత్రం లేకపోయినా పర్వాలేదు, మీరు గట్టిగా ఊపిరి తీస్తుంటే కర్ణభేరి దానితో పాటు కదులుతోందేమో డాక్టరు చూసి చెప్పగలరు. వెళ్లేటప్పుడు బాధ ఉన్న వేళలోనే వెళ్లండి, అక్కడ బల్ల మీద పడుకోకుండా కూర్చునే చూపించుకోండి.

దిబ్బడ తగ్గించే ఆ చుక్కలు ఆపేయండి, అవి లోపలి పొరని కుదించి ఇంకా తెరిచేస్తాయి. నీళ్లు బాగా తాగండి, ఉప్పునీటి చుక్కలు వేసుకోవచ్చు. ముక్కు గట్టిగా ఎగపీలిస్తే కాసేపు హాయిగా ఉంటుంది, చాలామంది ఆ అలవాటులో పడతారు, మీరు పడకండి. అలా ఏళ్ల తరబడి పీలిస్తే కర్ణభేరి లోపలికి సొట్టపడుతుంది, దాన్ని సరిచేయడానికి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు.