పెరటి తోట – పాఠకుల ప్రశ్నలు: వైద్య గంజాయి, సేంద్రియ సాగు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర వ్యవసాయ కుటుంబం. ప్రస్తుతం బ్రాంప్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కేన్సరుకు కీమోథెరపీ తీసుకున్నాక కాళ్లలో నరాల నొప్పులు మిగిలిపోయాయి. మా డాక్టరుగారు రోజుకు ఒక గ్రాము చొప్పున వైద్య గంజాయి వాడమని పత్రం రాసిచ్చారు. సొంతంగా పెంచుకోవడానికి ఇక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ అయిన హెల్త్ కెనడాలో నమోదు కూడా అయింది. రసాయనాలు తగలకుండా పెరట్లోనే పెంచుకోవాలని నా కోరిక. ఊళ్లో వేసినట్టే జీవామృతం, వేపనూనె వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాంప్టన్, కెనడా

జవాబు: అమ్మా, ముందుగా చట్టం సంగతి చెప్పి తోటలోకి వస్తాను. రోజుకు 1 గ్రాము అవసరమైనవారికి హెల్త్ కెనడా లెక్క ప్రకారం ఆరుబయట అయితే 2 మొక్కలు, ఇంటి లోపల అయితే 5 మొక్కలు వస్తాయి. 2018 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన గంజాయి చట్టం కింద పెద్దలకు ఇంటికి 4 మొక్కల దాకా ఉన్న అనుమతి వేరు, మీ వైద్య నమోదు వేరు. (ఆ నాలుగు మొక్కల అనుమతిని క్యుబెక్ రాష్ట్రం ఇవ్వలేదు, ఆ నిషేధం చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. మాంట్రియల్ పాఠకులు గమనించగలరు.) విత్తనమైనా నారైనా లైసెన్సు ఉన్న అమ్మకందారు దగ్గరే తీసుకోవాలి. మీ పెరటి సరిహద్దు బడికో, పిల్లల ఆటస్థలానికో, శిశు సంరక్షణ కేంద్రానికో ఆనుకొని ఉంటే ఆరుబయట పెంచకూడదు. డాక్టరు ఇచ్చే వైద్య పత్రం గడువు ఏడాదికి మించదు కాబట్టి, అది ముగియకముందే కొత్తది తీసుకోండి.

ఇక సాగు. ఊళ్లో మనం సేంద్రియం అన్నప్పుడు దిగుబడినీ నేల బాగునూ దృష్టిలో పెట్టుకొని మాట్లాడతాం. మీరు పెంచబోయేది కీమోథెరపీతో నీరసించిన ఒంటికి మందు. ఈ మొక్కకు ఏ ఎరువు వేయాలన్న దానికంటే దీనిలోకి ఏది చేరకుండా చూడాలన్నది మీకు ముఖ్యమైన ప్రశ్న. నా సలహాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

మొదటి జాగ్రత్త మట్టి దగ్గరే మొదలవుతుంది. సీసం, కాడ్మియం వంటి భారలోహాలను నేల నుంచి పీల్చుకొని తనలో దాచుకునే గుణం గంజాయి జాతి మొక్కలకు బాగా ఉంది. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత కలుషితమైన నేలను శుభ్రం చేయవచ్చునేమో చూడడానికి 1990లలో అక్కడ పీచు కోసం పెంచే గంజాయి రకాన్ని (హెంప్) నాటి ప్రయోగాలు చేసింది కూడా ఈ గుణాన్ని నమ్ముకునే. నేలకు మేలు చేసే ఆ గుణమే మందుగా వాడేవారికి కీడు చేస్తుంది. పాత ఇళ్ల గోడల పక్కన రాలిన రంగుల్లో సీసం ఉంటుంది. 2004కు ముందు అమ్మిన, మందు పట్టించిన కలపతో కట్టిన ఎత్తు మడుల నుంచి ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతుంది. అందుచేత పెరటి నేలలోనే నాటాలనుకుంటే ముందు భారలోహాల పరీక్షతో సహా మట్టి పరీక్ష చేయించండి. ఆ శ్రమ వద్దనుకుంటే యాభై అరవై లీటర్లు పట్టే గుడ్డ కుండీలు రెండు తెచ్చుకోండి. కొత్త మట్టిలో బాగా మాగిన కంపోస్టు, వానపాముల ఎరువు, నీరు నిలవకుండా కొంత పెర్లైటు (తేలికపాటి తెల్ల గుళికలు) కలిపి నింపండి. నా మట్టుకు నేను కుండీలనే ఎంచుకుంటాను. రెండు మొక్కలకు అంతకంటే ఆర్భాటం అవసరం లేదు. పొలాల నుంచి తెచ్చిన గుర్రపు ఎరువు, గడ్డి ఎరువు మాత్రం వాడకండి. ఆ గడ్డి మీద చల్లిన కలుపుమందుల్లో కొన్ని కంపోస్టు అయినా నశించవు, లేత మొక్కల ఆకులను ముడతలు పడేట్టు చేస్తాయి.

జీవామృతం గురించి అడిగారు. ఎకరానికి 200 లీటర్ల నీటిలో పది కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, పిడికెడు పుట్టమట్టి కలిపి మురగబెట్టే ఆ ద్రావణం మీద మీకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. వరి గింజ పొట్టులో ఉంటుంది, ఆపైన మనం దానిని ఉడికిస్తాం; అక్కడ పేడలోని సూక్ష్మజీవుల గురించి చింత లేదు. గంజాయి పువ్వును ఎవరూ కడగరు, దాని జిగురుకు అంటుకున్నది దానితోనే ఉంటుంది. తినే పంటల విషయంలో కూడా, పచ్చి పేడ వేశాక కోతకు పంటను బట్టి 90 నుంచి 120 రోజులు గడవాలని సేంద్రియ ప్రమాణాలు చెబుతున్నాయి. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి ఆ గడువు కూడా చాలదని నా అభిప్రాయం. పచ్చి పేడను, దానితో చేసిన ద్రావణాలను ఈ రెండు మొక్కల దరిదాపులకు రానివ్వకండి. మీ చేతి జీవామృతం టమాటాలకూ బెండకూ పోయండి.

వేపనూనె సంగతీ అంతే. కెనడాలో పురుగుమందుగా అమ్మే ప్రతి సీసా మీద ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఏయే మొక్కల మీద వాడవచ్చో కూడా రాసి ఉండాలి. ఆకులకు మెరుపు తెచ్చేదని అమ్మే వేపనూనె సీసాను పురుగుమందుగా భావించకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మొగ్గ కనిపించిన తర్వాత ఏ నూనె కూడా చల్లకూడదు. పువ్వు మీది జిగురు గ్రంథులే మందు, నూనె వాటికి పట్టుకొని ఆరదు, వేడి చేసినప్పుడు పొగగా మీ ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. 2016, 2017 సంవత్సరాల్లో కెనడాలో లైసెన్సు ఉన్న కొందరు ఉత్పత్తిదారుల సరుకులో మైక్లోబ్యూటనిల్ అనే తెగులుమందు బయటపడి, సరుకును వెనక్కి రప్పించవలసి వచ్చింది. ద్రాక్ష వంటి పండ్ల తోటల్లో చాలాకాలంగా వాడుతున్న మందే అది. కాలిస్తే మాత్రం హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పుడుతుంది. తినడానికి సరిపోయిన కొలత పీల్చడానికి సరిపోదని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ తర్వాత, 2019 జనవరి నుంచి, లైసెన్సుదారులు 96 రకాల పురుగుమందుల అవశేషాలకు పరీక్ష చేయించాలని నిబంధన వచ్చింది. మీ పెరటికి అటువంటి తనిఖీ లేదు కాబట్టి ఆ తనిఖీ మీ కళ్లతోనే జరగాలి.

మరి పేనుబంక, ఎర్రనల్లి వస్తే ఏం చేయాలి? రెండు మొక్కలే కాబట్టి రోజూ పొద్దున ఆకుల అడుగు భాగాన్ని తిప్పి చూడడం సాధ్యమే. మొదట్లోనే కనిపిస్తే నీటి ధారతో కడిగేయండి, బాగా పట్టిన ఆకును తుంచి మూట కట్టి చెత్తలో వేయండి. మొగ్గకు ముందు దశలో, రిజిస్ట్రేషన్ ఉన్న సబ్బు ద్రావణం వాడుకోవచ్చు. చుట్టూ బంతి, కొత్తిమీర, సోంపు వేసి పూతకు వదిలితే అక్షింతల పురుగులు వాటి కోసం వస్తాయి, పేనుబంకను అవే తింటాయి. ఇది మీకు కొత్త సంగతి కాదని తెలుసు.

కాలం విషయానికి వస్తే, విక్టోరియా డే సెలవుల తర్వాత, అంటే మే నెలాఖరుకు, మంచు భయం తీరాక నాటండి. రాత్రి పొడవు పెరుగుతున్న కొద్దీ ఆగస్టులో మొగ్గ తొడుగుతుంది. ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. మందుకు పనికివచ్చేది ఆడ మొక్క పువ్వు కాబట్టి, సంచుల్లాంటి మగ మొగ్గలు వేలాడితే విచ్చకముందే ఆ మొక్కను తీసేయండి. సెప్టెంబరు నెలాఖరు, అక్టోబరు మొదటి రోజులు కోత సమయం.

కోత తర్వాతి పనిలో నిర్లక్ష్యం జరిగితే నాలుగు నెలల శ్రద్ధ వ్యర్థమవుతుంది. సరిగా ఆరని పువ్వులో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరగవచ్చు. ఆరోగ్యవంతులకు అది పెద్దగా హాని చేయకపోయినా, కీమోథెరపీ తీసుకున్నవారి ఊపిరితిత్తుల్లో ప్రాణాపాయం కలిగించగలదు. చీకటిగా, చల్లగా, గాలి ఆడే గదిలో, గాలిలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండేట్టు చూసి, కొమ్మ వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరనివ్వండి. ఆ తర్వాత గాజు సీసాల్లో మూత పెట్టి, మనవలకు అందకుండా, తాళం వేసే బీరువాలో దాచండి. పువ్వును నేరుగా పీల్చడం మీకు తగునా, ఏ రూపంలో తీసుకోవడం మేలు అన్నది మీ కేన్సరు వైద్యుణ్ణి తప్పక అడగండి. వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, గంజాయి ఆ మందుల ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు. బ్యూటేన్ వంటి ద్రావకాలతో ఇంట్లో సారం తీయడం చట్టం నిషేధించిన పని, మంటలు లేచే పని కూడా.

ప్రశ్న: వైద్య నమోదుతో మూడు మొక్కలు పెంచుతున్నాను. నిరుడు సెప్టెంబరులో వానలు పట్టగానే లావుపాటి పూగుత్తులు లోపలి నుంచి గోధుమరంగుకు తిరిగి కుళ్లాయి. ఏ సేంద్రియ మందు చల్లాలి?
– ఒక పాఠకుడు, సర్రే, బ్రిటిష్ కొలంబియా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు బొట్రైటిస్ బూజువి. ద్రాక్ష గుత్తులనూ స్ట్రాబెర్రీలనూ కుళ్లబెట్టేది ఇదే. పూత దశలో చల్లడానికి మంచి మందు చెప్పమంటే నేను చెప్పను. గంధకం బూడిద తెగులుకు పనిచేస్తుంది, ఈ కుళ్లుకు కాదు. పైగా పువ్వు మీద గంధకం మిగలడం మందుగా వాడేవారికి మంచిది కాదు.

మీ పసిఫిక్ తీరంలో కోత కాలమూ వాన కాలమూ ఒకేసారి వస్తాయి. కాబట్టి త్వరగా, వీలైతే సెప్టెంబరు మొదట్లోనే కోతకు వచ్చే రకాన్ని లైసెన్సు ఉన్న అమ్మకందారును అడిగి తీసుకోండి. గుత్తి గట్టిగా బిగిసిపోయే రకం కన్నా వదులుగా ఉండే రకం మీ వాతావరణానికి నయం. మొక్కల మధ్య మనిషి తిరిగేంత ఎడం ఉంచి, కింది ఆకులూ లోపలి సన్నకొమ్మలూ జూలైలోనే తీసేసి, పూత మొదలయ్యాక పైన మాత్రమే పారదర్శకమైన కప్పు వేసి పక్కలు గాలికి వదలండి. నీరు పొద్దుటిపూట, మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకుల మీద పోయకండి. ఒక గుత్తిలో ఒకే ఒక ఆకు ఉన్నట్టుండి ఎండినట్టు కనిపిస్తే దానిని లాగి చూడండి, సులువుగా ఊడివస్తే లోపల కుళ్లు మొదలైనట్టే. కుళ్లిన చోటికి కొన్ని అంగుళాల కింద నుంచి కొమ్మను కోసి పారేయాలి. కుళ్లిన ముక్క తీసేసి మిగతాది ఆరబెట్టుకుందామన్న ఆశ కలుగుతుంది, దానికి లొంగకండి. కంటికి కనబడని బూజు దారాలు ఆ మిగతా గుత్తిలోనూ ఉంటాయి.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో గ్రీన్ కార్డుతో ఉంటున్నాను. ఇక్కడ పెద్దలు ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకోవచ్చు కదా. నా నిద్రలేమికి సేంద్రియ పద్ధతిలో పెంచుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: పెంచకండి. రాష్ట్ర చట్టం 2016 నుంచి అనుమతించిన మాట నిజమే, కానీ వలస వ్యవహారాలు చూసేది కేంద్ర ప్రభుత్వం, కేంద్ర చట్టంలో ఇది నిషిద్ధ పదార్థంగానే ఉంది. రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయికి సంబంధించిన పనులు పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన అర్హతను దెబ్బతీయవచ్చునని వలస విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా ప్రకటించింది. అధికారి అడిగినప్పుడు మొక్క పెంచానని నిజం చెబితే ఇబ్బంది, అబద్ధం చెబితే అంతకు మించిన ఇబ్బంది. హెచ్-1బి మీద ఉన్నవారికీ, చదువుకోవడానికి వచ్చినవారికీ ఇదే మాట. మీ నిద్రలేమికి డాక్టరును కలవండి, అంతగా అవసరమైతే ముందు ఒక వలస న్యాయవాదితో మాట్లాడండి.

ప్రశ్న: మా అమ్మకు కేన్సరు నొప్పి విపరీతంగా ఉంది. విదేశాల్లో గంజాయి మందుగా ఇస్తారని విన్నాను. మేడ మీద ఒక్క కుండీలో, ఎవరికీ అమ్మకుండా, అమ్మ కోసమే పెంచుకుంటే తప్పా? దీని బదులు పెరట్లో ఏ మొక్క ఉంటే అమ్మకు ఉపశమనం?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సేపు బాధపడ్డాను. అయినా జవాబు ఒక్కటే: ఆ కుండీ పెట్టకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మన దేశంలో అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. సెక్షన్ 20 ప్రకారం సాగు చేసినవారికి పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దగ్గర ఉంచుకున్న సరుకు తక్కువైతే శిక్ష తగ్గించే చట్టం, మొక్క ఒక్కటే కదా అని సాగుకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఉత్తరాఖండ్‌లో మత్తు అంశం 0.3 శాతం లోపు ఉండే హెంప్ రకానికి లైసెన్సులు ఇస్తున్నారు, అది పీచు కోసం, పరిశ్రమ కోసం. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల పంటను నరికిన దగ్గర నుంచి మీ ప్రాంతంలో నిఘా ఎంతగా ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. అమ్మకు తోడుండవలసిన కొడుకు జైలుకు వెళితే ఆవిడను ఎవరు చూసుకుంటారు?

ఆయుర్వేదంలో విజయ అన్న పేరుతో ఈ మొక్క ఆకు కలిపిన మందులు లైసెన్సు మీద తయారవుతున్నాయి. అర్హత గల వైద్యుడు రాసిస్తేనే, అదీ కేన్సరు డాక్టరుకు చెప్పిన తర్వాతనే వాడాలి. కానీ విపరీతమైన కేన్సరు నొప్పికి మొదట అడగవలసిన మందు మార్ఫిన్ మాత్ర. అది ఖరీదైనది కాదు. 2014లో చట్టాన్ని సవరించి, ఇటువంటి అత్యవసర నొప్పి మందులు రోగులకు అందేందుకు దేశమంతటికీ ఒకే నియమాలు తెచ్చారు. మీ ఊళ్లోనే అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. వెళ్లి, ‘పాలియేటివ్ కేర్ కావాలి’ అని ఆ మాటే వాడి అడగండి; నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యాన్ని అలా అంటారు. మార్ఫిన్ అంటే అలవాటు పడతారని ఇంట్లోవాళ్లు భయపడడం సహజం. వైద్యుడు చెప్పిన మోతాదులో, నొప్పి కోసం వాడుతున్నప్పుడు ఆ భయంతో అమ్మను నొప్పితో ఉంచడం న్యాయం కాదు.

పెరటి మొక్కల్లో కేన్సరు నొప్పిని తీసేది ఏదీ లేదు, ఉందని చెప్పి మీ చేత కాలయాపన చేయించలేను. వాంతిగా, వికారంగా ఉన్న రోజుల్లో కాస్త అల్లం కొందరికి ఊరట ఇస్తుంది. కుండీలో అల్లం దుంప నాటుకోండి, కన్ను పైకి వచ్చేట్టు రెండు అంగుళాల లోతున పెట్టి, సగం నీడలో ఉంచి, నీరు నిలవకుండా చూస్తే చాలు. ఎనిమిది తొమ్మిది నెలలకు ఊరుతుంది, లేత అల్లం అంతకు ముందే తవ్వుకోవచ్చు. అమ్మ రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే మాత్రం అల్లం కూడా డాక్టరును అడిగాకే ఇవ్వండి.