రెనసాన్స్ ఫెయిర్ బట్టలు: చిట్టితల్లికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లికి,

పాతకాలపు యూరప్ వేషాలు కట్టుకుని వెళ్ళే ఆ రెనసాన్స్ ఫెయిర్ అనే సంబరానికి, నువ్వు లింకు పంపిన రెడీమేడ్ బట్టల సెట్టు మాత్రం కొనకు. ఫొటోలో వెల్వెట్‌లా మెరుస్తున్నదంతా పాలిస్టరే. ఏప్రిల్ ఆఖరున టెక్సస్‌లో ఆ ఫెయిర్ జరిగే వాక్సాహాచీ ఎండకి చెట్టు కింద నిలబడినా అది ఒంటికి అతుక్కుపోయి చిరచిరలాడుతుంది. పైగా ముగ్గురికీ కొంటే ఎంతవుతుందో లెక్క వేసుకున్నావా? బాబుకి వచ్చే ఏడాదికల్లా పొట్టిదైపోతుంది కూడా. ముగ్గురికీ కలిపి వంద డాలర్లు దాటకుండా, ఇంట్లో ఉన్నవీ పాత బట్టల దుకాణంలో దొరికేవీ కలిపి చేసుకుందాం. మీరు వెళ్ళే ఈ స్కార్‌బరో ఫెయిర్ ఏప్రిల్ మొదట్లో మొదలై మెమోరియల్ డే, అంటే మే ఆఖరి సోమవారం, దాకా వారాంతాల్లో నడుస్తుంది. చేతిలో మూడు నెలలున్నాయి. టెన్షన్ పడే పని లేదు.

ముందు నువ్వు ఎవరివో తేల్చుకో. 1981 నుంచి అక్కడ నడుస్తున్నది హెన్రీ 8వ రాజు కాలం నాటి ఇంగ్లండు పల్లె వేషం. అందులో రాణివి కావాలనుకుంటే పట్టు కావాలి, ముత్యాలు కావాలి, గౌను ఒక్కదానికే బోలెడు మీటర్ల గుడ్డ కావాలి. అన్నీ చవక రకంవి తెచ్చి పెట్టుకుంటే రాణి లక్షణం ఒక్కటీ కనపడదు. పల్లెటూరి గృహిణివి అయితే కాటన్ చాలు, గడ్డి మీద కూర్చోవచ్చు, బాబు వెనక పరిగెత్తవచ్చు. తర్వాతి కాలంలో, 1574లో, ఎలిజబెత్ రాణి ఎవరు ఏ బట్ట కట్టాలో శాసనమే చేసింది. ఊదా రంగు పట్టూ బంగారు జరీ బట్టా రాజకుటుంబానికీ అతి పెద్ద హోదా ఉన్నవాళ్ళకే. అంటే ఆనాటి వీధిలో ఎటు చూసినా కనిపించేది సాదా బట్టలే. సాదాగా ఉండటం డబ్బు లేక సర్దుకోవడం అనుకోకు. ఆ కాలానికి దగ్గరగా ఉండేది అదే.

దూరం నుంచి చూసినప్పుడు ఆ కాలపు మనిషి అనిపించేది మూడు చోట్ల: తల మీద ఏదో ఒకటి ఉండాలి, నడుము దగ్గర బిగువుండాలి, నడుము కింద గుడ్డ నిండుగా ఉండాలి. నీ కష్టం ఈ మూడింటి మీద పెట్టు. లేసులు, పూసలు, నగలు ఏమీ లేకపోయినా పరవాలేదు.

గుడ్డ సంగతికొస్తే, గుడ్డలమ్మే జోఆన్ దుకాణాలు 2025లో మూతపడ్డాక మీటర్ల లెక్కన మంచి కాటన్ కొనాలంటే తిరగాల్సి వస్తోంది. నేనైతే పాత సామాన్లమ్మే గుడ్‌విల్‌కి వెళ్ళి తిన్నగా దుప్పట్లు, కర్టెన్లు, టేబుల్ క్లాత్‌లు ఉన్న వైపే నడుస్తాను. చాలా ఊళ్ళలో వారానికో రంగు ట్యాగు మీద తగ్గింపు ఉంటుంది, అది కనుక్కుని వెళ్ళు. లేబుల్ చూడకుండా ఏదీ బుట్టలో వేయకు. కాటన్, లినెన్ అని ఉంటే తీసుకో. సగం పాలిస్టర్ ఉన్నదానికి రంగు సరిగ్గా పట్టదు, గాలీ ఆడదు. ఇంటికి తెచ్చాక కత్తెర పెట్టకముందే వేడినీళ్ళలో ఉతికి ఆరేయి. కుంచించుకుపోయేది ఏదో అప్పుడే కుంచించుకుపోవాలి.

లంగాలతో మొదలుపెట్టు, అవి నీకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. క్వీన్ సైజు దుప్పటి సుమారు 90 అంగుళాల వెడల్పు, 102 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని పొడుగునా మధ్యకి చీలిస్తే 45 అంగుళాల ఎత్తు, 102 అంగుళాల చుట్టుకొలత ఉన్న రెండు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కకి పక్క కుట్టు వేసి, పైన మడిచి బొందు దూర్చేస్తే లంగా అయిపోయింది. ఒక దుప్పటికి రెండు లంగాలు. నీ ఎత్తుకి కింద మూడు నాలుగు అంగుళాల మడత మిగులుతుంది, కత్తిరించకుండా లోపలికి మడిచి హెమ్మింగ్ చేసెయ్యి. ఆ బరువుకి లంగా చక్కగా నిలబడుతుంది. అంచు నేలకి రెండు మూడంగుళాలు పైనే ఉండాలి. అక్కడ వాన పడితే బురద, పడకపోతే దుమ్ము. రెండు లంగాలూ ఒకదాని మీద ఒకటి కట్టుకుని, పైదాని కుచ్చిళ్ళు ఒక పక్కకి ఎత్తి నడుములో దోపుకో. కింది రంగు కనపడాలి. ఆ ఒక్క పనితో వేషం సగం వచ్చేస్తుంది. లోపల మన చీర కింద కట్టుకునే కాటన్ లంగా వేసుకుంటే ఇంకా నిండుగా ఉంటుంది.

రంగులు: మంజిష్ఠ జాతి వేరుతో వచ్చే ఇటుక ఎరుపు, నీలం, పాచి పసుపు, గోధుమ, బూడిద. అవన్నీ ఆనాటి మామూలు జనం కట్టిన రంగులే. తెల్ల దుప్పటే దొరికితే రిట్ డై అనే బట్టల రంగు తెచ్చి వేడినీళ్ళలో ఉప్పు వేసి ముంచు. వంటగిన్నెల్లో మాత్రం వద్దు. కుట్టే దారం పాలిస్టర్ అయితే రంగు పట్టక తెల్లగానే ఉండిపోతుంది, అందుకని రంగేశాకే కుట్టు. పైకి కనపడే తెల్ల బట్ట మరీ మల్లెపువ్వులా మెరుస్తుంటే చిక్కటి టీ డికాక్షన్‌లో అరగంట నానబెట్టు, ముడి నూలు రంగులోకి వస్తుంది.

అన్నిటికంటే లోపల ఒంటికి తగిలే పొడవాటి చొక్కా, అదే చెమీజ్, మీద మాత్రం పీనాసితనం చేయకు. చెమట పీల్చేది అదే, ఉతకాల్సిందీ అదే. మెత్తటి కాటన్ లేదా లినెన్ కావాలి. కత్తిరింపు మన లాల్చీయే అనుకో: ఒంటికి ఒక పొడవాటి ముక్క, చేతులకి రెండు, చంకలో నలుచదరపు ముక్కలు. అన్నీ నిలువు, అడ్డం కోతలే కాబట్టి గుడ్డ వృథా కాదు. చంకముక్క అయిదంగుళాల చదరం ఉండాలి, దాన్ని మూలగా తిప్పి వేయాలి. అది లేకుండా చేయి ఎత్తావంటే చిరిగేది అక్కడే. మెడ వెడల్పుగా కోసి, సన్నటి బొందు దూర్చి, దగ్గరికి లాగితే కుచ్చులు వాటంతటవే పడతాయి. చేతులకీ అంతే. పొడవు మోకాలు దాటనీ.

చెమీజ్ మీద బొందుతో బిగించి కట్టే జాకెట్టు, అదే బాడీస్, దగ్గరే అందరూ భయపడతారు. భయం అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. చీర జాకెట్టు ప్యాటర్న్ దీనికి పనికిరాదు, దానికి ముందు డార్ట్‌లుంటాయి. ఆ కాలపు బాడీస్ ముందు భాగం చదునుగా ఉంటుంది. పాత టీషర్టు వేసుకుని, అల్లుడుగారిని ఒంటి చుట్టూ డక్ట్ టేప్ చుట్టమను. ఎక్కడ కుట్లు రావాలో పెన్నుతో గీయించుకుని, కత్తిరించి విప్పితే అదే నీ ప్యాటర్న్. ఊపిరి బాగా పీల్చుకుని ఉన్నప్పుడు చుట్టించుకో. ముందు బొందు వేసే చోట రెండంగుళాల సందు వదలాలి, అప్పుడే లాగి బిగించడానికి వీలవుతుంది. గుడ్డకి హార్డ్‌వేర్ షాపులో పెయింటర్లు నేల మీద పరిచే కాన్వాస్ డ్రాప్ క్లాత్ తెచ్చుకో. గట్టి కాటన్, ధర తక్కువ. రెండు పొరలు వేసి, మధ్యలో సన్నటి గొట్టాల్లా నిలువు కుట్లు వేసి, వాటిలో వైర్లు కట్టే లావుపాటి ప్లాస్టిక్ జిప్ టైలు దూర్చు. బొందు పట్టీకి రెండు పక్కలా రెండేసి, పక్కలకి ఒక్కోటి. జిప్ టై చివరలు కత్తిరించాక నిప్పు సెగ చూపించి గుండ్రంగా చేయాలి, లేకపోతే మధ్యాహ్నానికి పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి.

ఇక బొందు కన్నాలు. ఇత్తడి రింగులు కొట్టే మిషను కొనొద్దు. మెరిసే రింగులు ఆ కాలానివి కావు, నాసిరకంవి అయితే నాలుగుసార్లు లాగితే ఊడొస్తాయి. చెప్పులు కుట్టే ఆరె లాంటి మొనతో గుడ్డ పోగులు తెగకుండా పక్కకి జరుపుతూ కన్నం చేయి, చుట్టూ కాజా కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టు. పోగులు తెగలేదు కాబట్టి అది చిరగదు. ఒక్కో కన్నానికి పది నిమిషాలు పడుతుంది. టీవీ ముందు కూర్చుని రోజుకి రెండు చేసుకో. రెండు వైపులా కన్నాలు ఎదురెదురుగా కాకుండా కొంచెం హెచ్చుతగ్గుల్లో పెడితే, ఒక్కటే బొందుతో కింద నుంచి పైకి మెలికగా అల్లుకుంటూ పోవచ్చు. బూట్ల లేసులా అడ్డదిడ్డంగా కట్టేది చూడటానికి ఇప్పటి ఫ్యాషన్‌లా ఉంటుంది.

తల. ఇది మర్చిపోతే మిగతా కష్టమంతా వృథా. 1571లో ఇంగ్లండులో ఒక చట్టం తెచ్చారు: ఆరేళ్ళు దాటిన మామూలు జనం ఆదివారాల్లో, పండగల్లో ఉన్ని టోపీ పెట్టుకోవాలి. ఉన్ని పనివాళ్ళ బతుకుతెరువు కోసం తెచ్చి, 1597లో ఎత్తేశారు. మీ వాడికీ ఆరు దాటాయిగా, ఈ సంగతి చెప్పు, టోపీ తీయమన్నా తీయడు. నువ్వు రెండు జడలు వేసుకుని తల మీదుగా అటూ ఇటూ చుట్టి, మొండి సూదికి రిబ్బను ఎక్కించి జడల్ని తలకే కుట్టినట్టు బిగించుకో. పిన్నులు లేకుండా సాయంత్రం దాకా కదలదు. ఆనాటి ఆడవాళ్ళు చేసిందీ ఇదే. దాని మీద తెల్ల చేతిరుమాలు పెద్దది మూలగా మడిచి మెడ వెనక ముడివేసి, ఆపైన మామూలు గడ్డిటోపీ పెట్టుకో. టోపీకున్న ప్లాస్టిక్ పూలు పీకెయ్యి.

అల్లుడుగారికి తేలిక. ఆయన తెల్ల లాల్చీలో సాదాది, ఎంబ్రాయిడరీ లేనిది చొక్కా అవుతుంది. పాత ముతక ప్యాంటు మోకాలి కిందకి కోసి, అంచులో ఎలాస్టిక్ వేసి, పొడవు మేజోళ్ళు తొడగండి. చొక్కా మీద వేసే చేతుల్లేని కోటు, అదే జెర్కిన్, కోసం గుడ్‌విల్‌లో ఆడవాళ్ళ విభాగంలో ఉన్ని కోటు వెతుకు, అక్కడ రంగులు బాగుంటాయి. చేతులు కోసేసి, కాలరు విప్పేసి, ప్లాస్టిక్ గుండీలు తీసి, చెక్కవో గుడ్డ చుట్టినవో కుట్టు. ఆ కోసిన చేతులు పారేయకు. ఉన్ని ముక్కల్ని అతికి పదహారంగుళాల గుండ్రం కోసి, కుచ్చులు పెట్టి తల కొలత పట్టీకి కుడితే టోపీ వచ్చేస్తుంది. తోలు బెల్టు ఎలాగూ ఉంటుంది, దానికి ఒక బటువా వేలాడదీసి ఫోను, కారు తాళాలు అందులో పెట్టమను. ఎండ ముదిరాక జెర్కిన్ విప్పేసినా బాగానే ఉంటుంది. బాబుకి మోకాళ్ళ దాకా వదులు చొక్కా, నడుముకి తాడు, టోపీ. అంచులోనూ చేతుల్లోనూ లోపలికి మడతలు కుట్టి పెట్టు, పరికిణీలకి మీ అమ్మ పెట్టినట్టు. ఏడాదికో మడత విప్పుకోవచ్చు. చెక్క కత్తి కొనిపెడితే మాత్రం ముందే ఫెయిర్ వాళ్ళ నియమాలు చదువు, కత్తులు ఒరలోంచి రాకుండా కట్టేసి ఉంచాలంటారు.

అల్లుడుగారు మేజోళ్ళకి ఒప్పుకోకపోతే నాకు ఇంకో ఆలోచన ఉంది, నిజానికి నాకిదే ఎక్కువ ఇష్టం. హెన్రీ సింహాసనం ఎక్కింది 1509లో. మన శ్రీకృష్ణదేవరాయలూ అదే ఏడు ఎక్కారు. రాయల కొలువు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆయన బంగారు గులాబీలు కుట్టిన తెల్లటి బట్టల్లో, తల మీద జరీ టోపీతో ఉన్నారని రాశాడు. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల్లో ఆ పొడవాటి కుళ్ళాయిలు ఇప్పటికీ చూడవచ్చు. తెల్ల పంచె, ఉత్తరీయం ఇంట్లో ఉన్నవే. కుళ్ళాయికి పాత జరీ జాకెట్ ముక్క చాలు, లోపల గట్టిగా ఉండే బకరం గుడ్డ పెట్టి శంఖు ఆకారంలో కుట్టు. ఎవరైనా అడిగితే విజయనగరం నుంచి వచ్చామని చెప్పవచ్చు, అది ఆ కాలానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కటే మాట: కుళ్ళాయి మీద ఇంగ్లీషు జెర్కిన్ వేయొద్దు. ఏదో ఒక దేశం ఎంచుకుని నిండుగా కట్టుకోండి.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది చెప్పుల మీద. సాదా గోధుమరంగు తోలు బూట్లు, జిప్పు కనపడనివి, పాతవైతే మరీ మంచిది. రోజంతా ఎగుడుదిగుడు నేల మీద నడవాలి, వారం ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి. స్పోర్ట్స్ షూస్ లంగా కింద దాక్కోవు. వాచీలు, నల్లకళ్ళద్దాలు కారులోనే వదిలేయండి. నీళ్ళు బాగా తాగండి.

మిషను లేదని అన్నావుగా, మీ పబ్లిక్ లైబ్రరీలో అడిగి చూడు, ఈమధ్య చాలాచోట్ల కుట్టుమిషన్లు పెడుతున్నారు. దొరక్కపోతే లంగాలు, చెమీజ్ చేత్తోనే కుట్టుకోవచ్చు, బాడీస్ గుడ్డ నాకు పంపు, గొట్టాల కుట్లు నేను వేసి పంపిస్తాను. కన్నాలు మాత్రం నువ్వే కుట్టుకోవాలి.

ఈ ఆదివారం కూర్చుని కొలతలు తీసి పంపించు. నీవి నడుము, ఛాతీ, నడుము నుంచి చీలమండ దాకా, భుజం నుంచి మోకాలి కింద దాకా. బాబువి భుజం నుంచి మోకాలి దాకా, చేతి పొడవు. ముగ్గురికీ తల చుట్టుకొలత, జుట్టు పైనుంచే.

పెద్దమ్మ