వాఫెన్‌రాక్ మీద చిల్లులు: చిమ్మటా, అరుగుదలా?

మీ వాఫెన్‌రాక్ (పాత జర్మన్ సైన్యపు ఉన్ని యూనిఫాం కోటు) ఫోటో పంపి, చిల్లులు ఎందుకు పడ్డాయి, ఇసుకలా రాలే పొడి ఏమిటి అని అడిగారు. కాలర్ కింద కనిపించే ఆ చిల్లులు అరుగుదల వల్ల వచ్చినవి కావు, ఉన్ని తినే చిమ్మట పురుగు పని. అరుగుదల మోచేతుల దగ్గర, చేతుల అంచుల దగ్గర వస్తుంది. పురుగు చీకటిగా ఉండే చోటు వెతుక్కుంటుంది: కాలర్ కింద, చంకల్లో, వెనక మడతల్లో. ఇసుకలా రాలుతోందని మీరన్న పొడి ఆ పురుగు రెట్ట. తిన్న ఉన్ని రంగే దానికీ వస్తుంది, అందుకే బూడిద పచ్చగా ఉంది.

చాలామంది వదిలేసే పని ఒకటుంది: లోపలి నుంచి చూడటం.

1. గది చీకటి చేసి, లైనింగ్ లేని చోట లోపలి నుంచి టార్చి వేయండి. పైకి బాగానే ఉన్న ఉన్నిలో కూడా పలచబడిన చోట్ల చుక్కలుగా వెలుగు వస్తుంది. కొనేముందు ఇది చూడకపోతే నష్టపోతారు.

2. కాలర్ బిళ్ళల (కాలర్ మీద కుట్టిన గుర్తు ముక్కల) అంచులు భూతద్దంతో చూడండి. పక్కన ఖాళీ సూది రంధ్రాలున్నా, రంగు వెలవని గుడ్డ గీతలా కనిపించినా, బిళ్ళలు విప్పి మళ్ళీ కుట్టినట్టే.

3. ముందు అంచున ఉన్న తెల్ల పైపింగ్ (అంచు వెంట కుట్టిన సన్నటి గుడ్డ పట్టీ; తెలుపు పదాతి దళం రంగు) అంతా వేలితో తడమండి. అదీ ఉన్నే, పురుగు దాన్నీ తింటుంది. ముందున్న ఎనిమిది గుండీలూ ఒకే తీరులో ఉన్నాయో లేదో చూడండి.

ఉతకొద్దు, డ్రై క్లీనింగ్‌కూ ఇవ్వొద్దు. కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కోటు మామూలు వేడికి వచ్చేదాకా కవర్ తెరవకండి, లేకపోతే ఉన్నికి చెమ్మ పడుతుంది.