బీరువా వెనుక గోడ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

విశాఖలో మీరు దిగిన వాటాలో బీరువా తెరవగానే ముక్క వాసన కొడుతోందనీ, కలరా ఉండలు ఎన్ని వేసినా పోవడం లేదనీ రాశావు. ఆ ఉండలు పురుగులను తరుముతాయే గాని చెమ్మను పీల్చవు. వాటి ఆవిరి పసిబిడ్డలకు హాని చేస్తుంది కనుక ముందు వాటిని తీసివెయ్యి. వాసన వస్తోందంటే ఎక్కడో బూజు పెరుగుతోంది, దానికి ఎక్కడినుంచో నీరు అందుతోంది.

ఆ నీరు గోడలోంచి వస్తోందో, గదిలోని గాలినుంచి వస్తోందో తేల్చుకో. బీరువాను జరిపి, వెనుక గోడను పొడిగా తుడిచి, జానెడు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచు. గోడవైపు చెమర్చితే అవతలి స్నానాల గది పైపో, మేడమీది పగులో కారణం. దానిని ఇంటివారు బాగుచేయించవలసిందే. నేను ఒకప్పుడు ఆ మరమ్మతు మాని పైపైన రంగు వేయించాను. మరుసటి వానాకాలానికే అది పెచ్చులుగా ఊడిపోయింది.

గదివైపు చెమర్చితే దోషం గాలిది. కిటికీలు తెరిస్తే చాలునని అందరూ అంటారు గాని, ముసురు పట్టిన రోజుల్లో సముద్రపు గాలి ఇంట్లోని గాలికన్నా తడిగా ఉండవచ్చు. అప్పుడు కిటికీలు మూసి ఏసీని డ్రై మోడ్‌లో నడపడం, ఎండ కాసిన మధ్యాహ్నం తెరవడం మేలు. తేమను కొలిచే చిన్న మీటరు కొనుక్కుని 60 శాతం దాటకుండా చూసుకో. తడిబట్టలు పడకగదిలో ఆరవేయవద్దు. స్నానం అయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాను అరగంట తిరగనివ్వు. బీరువాకూ గోడకూ మధ్య బెత్తెడు సందు వదులు. చెమ్మను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన బీరువాకు పనికివస్తాయి, గదికి చాలవు.

బూజును పొడిగా దులపకు, అది ఇల్లంతా ఎగురుతుంది. మాస్కు కట్టుకుని, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వు. బ్లీచింగు వాడితే అందులో వెనిగర్ గాని యాసిడ్ గాని ఎన్నడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. పట్టుచీరలను ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, నీడలో గాలికి ఆరవేసి, మడతలు మార్చి, పాత నూలు పంచెలో చుట్టిపెట్టు.

పాలిథీన్ ముక్క ఏ వైపు చెమర్చిందో రాయి. ఇంటివారితో ఏమి మాట్లాడాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ