96 రీడ్ల పాత కాన్సర్టినా: రిపేరు ఎక్కడ మొదలుపెట్టాలి?

లీడ్స్‌లో సెకండ్ హ్యాండ్ షాపులో 48 బటన్ల లాషెనాల్ కంపెనీ ఇంగ్లిష్ కాన్సర్టినా (రెండు చేతుల మధ్య తిత్తిని నొక్కుతూ లాగుతూ వాయించే చిన్న వాద్యం) కొన్నానని, గాలి కారిపోతోందని, మూడు నాలుగు స్వరాలు అసలు పలకడం లేదని, మిగతావి ఫోన్ ట్యూనర్‌తో కలవడం లేదని రాశారు. ఆకురాయి పట్టి నేనే శృతి చేసుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆకురాయి జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

మాది తెనాలి. నాన్నగారు నాటకాల హార్మోనియాలు బాగుచేసేవారు. తిత్తికి తోలు అతకడం, రీడ్లు (గాలికి కంపించి స్వరం పలికే లోహపు నాలుకలు) తుడవడం ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే ఆరేళ్ళ కిందట బర్మింగ్‌హామ్‌లో మీలాంటిదే ఒకటి కొన్నాను. ఇంటర్ ఫిజిక్స్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జి చదువుకున్నాం కదా, ఆ చార్లెస్ వీట్‌స్టోన్ రూపొందించిన వాద్యమే ఇది. లూయీ లాషెనాల్ మొదట ఆయన దగ్గర పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఆ కంపెనీ 1930ల దాకా నడిచింది. మీ చేతిలో ఉన్నదానికి ఎంత తక్కువ వేసుకున్నా తొంభై ఏళ్ళు ఉంటాయి.

నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని చెబుతున్నాను. ఒక స్వరం కాస్త దిగి పలుకుతోందని ఆ రీడ్ కొన దగ్గర గీకాను. కొన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, హార్మోనియంలోనూ ఇంతే. ట్యూనర్ ముల్లు మధ్యకు వచ్చింది, సంతోషించాను. నెల తర్వాత పాత వాల్వులు (రీడ్‌లోకి గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న తోలు పట్టీలు) మార్చి చూస్తే అదే స్వరం ఎక్కువైపోయింది. రీడ్ తప్పేమీ లేదు. దాని మీది తోలు వాల్వు గట్టిపడి గాలికి అడ్డంపడేది, అంతే. గీకిన ఇత్తడి తిరిగి రాదు. ఆ రీడ్ చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే ముందు గాలి సంగతి చూడండి. బటనేదీ నొక్కకుండా ఒక వైపు పట్టుకుని, రెండో వైపును వేలాడనివ్వండి. తిత్తి నిదానంగా దిగితే పర్వాలేదు. జారిపోయినట్టు దిగితే ఎక్కడో కారుతోంది. అందరూ తిత్తి మడతల్నే అనుమానిస్తారు గానీ, నా దాంట్లో దొంగ ప్యాడ్ల దగ్గరే దొరికింది, అంటే బటన్ నొక్కనప్పుడు గాలి రంధ్రాన్ని మూసి ఉంచే మెత్తటి బిళ్ళల దగ్గర.

విప్పేటప్పుడు ఒక్కో వైపు ఆరు పొడవాటి స్క్రూలుంటాయి. ఏది ఏ రంధ్రంలోదో అట్టముక్కకు గుచ్చి నంబర్ వేసుకోండి, కలిసిపోతే మళ్ళీ కుదురుగా కూర్చోవు. పైన మీటలు, ప్యాడ్లు ఉన్న పలక, దాని కింద రీడ్ల పలక. తిత్తి నొక్కినప్పుడు ఒక రీడ్, లాగినప్పుడు ఒక రీడ్, బటన్‌కు రెండు చొప్పున మొత్తం 96. ఆ పలకలో చిన్న చిన్న గదులు, గోడల అంచుకు మెత్తటి షామీ తోలు. అది అణిగిపోతే ఒక స్వరం నొక్కినప్పుడు పక్క స్వరం కూడా సన్నగా మూలుగుతుంది. తోలు కింద పల్చటి అట్ట పట్టీ వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

పలకని స్వరాల గురించి టెన్షన్ పడకండి. నా దాంట్లో ఒక రీడ్ ఎంత లాగినా ఉలకలేదు. రాత్రి టేబుల్ ల్యాంపుకు ఎదురుగా పట్టుకుని చూశాను. ఇత్తడి నాలుకకూ దాని చట్రానికీ మధ్య వెంట్రుకంత సందు, అందులోంచి వెలుగు సన్నటి గీతలా కనిపిస్తోంది. ఒక్కచోట ఆ గీత తెగింది. ఎర్రటి ఫెల్ట్ పోగు ఒకటి అక్కడ ఇరుక్కుంది. పల్చటి కాగితం సందులో దూర్చి మెల్లగా లాగాను, పోగు వచ్చేసింది. రీడ్ దాని గాడిలో పెట్టి తిత్తి లాగితే స్వరం నిండుగా పలికింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు, అంత సంతోషం.

ఇక ట్యూనర్ సంగతి. మీ ఫోన్ A స్వరాన్ని 440 హెర్ట్జ్ లెక్కన చూస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో 452 దగ్గర శృతి చేసిన వాద్యాలు చాలా ఉన్నాయి, అంటే పక్క స్వరానికి ఉన్న దూరంలో దాదాపు సగం ఎక్కువ. స్వరాలన్నీ ఒకే మోతాదులో ఎక్కువగా ఉంటే అది శృతి తప్పడం కాదు. జీ షార్ప్‌కు, ఏ ఫ్లాట్‌కు దీంట్లో వేరువేరు బటన్లు ఉంటాయి. ఆ రెండూ కాస్త తేడాగా పలికితే పాత మీన్‌టోన్ శృతి (ఆ రెండు స్వరాలనూ ఒకటిగా కలపకుండా వేరుగా ఉంచే పాత పద్ధతి) ఇంకా మిగిలి ఉందేమో. అదే అయితే మాత్రం దయచేసి చెరపకండి, అలాంటివి ఇప్పుడు దొరకడం చాలా కష్టం.

సూపర్ గ్లూ, సెల్లోటేప్ వాడొద్దు. తిత్తి మీది కాగితాలకు మైదా జిగురు చాలు, రేపు ఎవరైనా విప్పాలన్నా తడిపితే ఊడొస్తుంది. హీటర్ పక్కన అసలు పెట్టకండి, చెక్క ఎండి కుంచించుకుపోతే రీడ్లు వదులై జీరగా పలుకుతాయి. రీడ్ విరిగి ఉంటే మాత్రం కాన్సర్టినాలు చేసేవాళ్ళకే ఇవ్వండి.

విప్పాక రీడ్ల పలక ఫోటో రెండు వైపులా తీసి పెట్టండి. రీడ్లు ఇత్తడివో ఉక్కువో, వాల్వులు ఎన్ని మార్చాలో చూసి చెబుతాను.