మందు కొట్టాక సుడిదోమ ఇంకా ఎందుకు పెరుగుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: కోనసీమలో వరికి ఆకుముడత మందు కొడితే, మూడు వారాలకే సుడిదోమ (దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే చిన్న గోధుమరంగు పురుగు) ఎందుకు విరుచుకుపడింది?

దోమను అదుపులో ఉంచే జీవులు ముందు చచ్చిపోయాయి కాబట్టి. మందు కొట్టని మడిలో ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి కాస్త పైన చూడండి. గోధుమరంగు దోమల మధ్య పొట్ట వెనక తెల్లటి గుడ్ల సంచి మోసుకుంటూ పరుగెత్తే సాలీడు కనిపిస్తుంది. అది రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. ఇంకొకటి ఆకుపచ్చ మిరిడ్ నల్లి. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, అక్కడికి మందు సరిగా చేరదు. ఈ నల్లి మాత్రం ముక్కు గుచ్చి ఆ గుడ్లను పీల్చేస్తుంది. నాకైతే పొలంలో దీన్ని మించిన కూలీ లేదు.

మందు పడగానే ఇవి పోతాయి. వారం పది రోజుల్లో గుడ్లు పగులుతాయి, పిల్లదోమలకు శత్రువే ఉండదు. సాలీళ్లు మళ్లీ అంత త్వరగా పెరగవు. పైగా కొన్ని సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల వల్ల దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఇండోనేషియా 1986లో వరిపై 57 మందుల్ని నిషేధించింది ఈ సుడిదోమ బెడదతోనే.

సుడిదోమ పెరగకూడదంటే యూరియా దట్టించకండి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. నాలుగు దోమలు కనిపించగానే టెన్షన్ పడి స్ప్రేయర్ ఎత్తకండి, ముందు దుబ్బులో సాలీళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.