గుర్రానికి కుక్క పరుగు

ప్రశ్న: పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్టులో అరచేతిలో పట్టేంత బొమ్మ ఒకటి కొన్నాను. గుర్రం మీద ఒక దొర, పక్కన సన్నటి వేటకుక్క. ఎచింగ్ అని కొట్టతను చెప్పాడు. మూలన తిరగబడిన అంకెలున్నాయి, అద్దంలో చూస్తే 1864. దొర కొరడా ఎడమ చేత్తో పట్టుకున్నాడు. గుర్రం నాలుగు కాళ్లూ చాచి గాల్లో ఈదుతున్నట్టుంది. మా అబ్బాయేమో ‘ఈయనకి గుర్రం గీయడం రాదు’ అంటున్నాడు. ఇందులో చూడాల్సిందేమిటి? లామినేషన్ చేయించమంటారా? ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: దొరది ఎడమచేతి వాటం కాదమ్మా. ఎచింగ్‌లో రాగి రేకుకి మైనం పూత పూసి సూదితో గీస్తారు. సూది తగిలినచోట రాగి బయటపడుతుంది, యాసిడ్ అక్కడ మాత్రమే తింటుంది. ఆ గాడుల్లో సిరా కూరి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కితే బొమ్మ కుడి ఎడమలు తారుమారై దిగుతుంది. అంకెలు తిరగేసి రాసే ఓపిక బొమ్మ గీసినాయనకి లేకపోయింది, అంతే.

పూర్వం మన విశాఖ పనివాళ్లు దంతపు పెట్టెల మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపేవారు. అక్కడ నలుపు గాడిలోనే ఉండిపోతుంది, ఇక్కడ కాగితం మీదికి లేచి వస్తుంది. పొద్దున్నే కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. గీతలు కాస్త ఉబ్బుగా, చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం కనబడాలి. గీతలకు బదులు వరసగా చుక్కలు కనిపిస్తే మాత్రం పుస్తకంలోంచి కత్తిరించినదే.

ఇక కాళ్లు. అసలు రుచంతా ఇక్కడుంది. గుర్రం దౌడులో కాళ్లు ఎలా కదులుతాయో అప్పటికి ఎవరి కంటికీ చిక్కలేదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి తీశాక తేలింది. నాలుగు కాళ్లూ నేల వదిలే మాట నిజమే, కానీ అప్పుడవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. చాచుకుని గాల్లో తేలేది గ్రేహౌండ్ లాంటి వేటకుక్క. అది ఒకసారి చాచి, ఒకసారి ముడిచి, రెండుసార్లు నేల వదులుతుంది. అంటే మీ బొమ్మలో కుక్క నిజం, గుర్రం ఊహ. ఆ కాలపు పందెపు గుర్రాల బొమ్మలు చాలావరకు ఇంతే, ఈయన ఒక్కడినీ అనడానికి లేదు. ఆర్కే బీచ్‌లో గుర్రాన్ని పరుగెత్తించినప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ తీసి పోల్చుకోమనండి మీ అబ్బాయిని. నాకైతే ఫొటోలో కాళ్లు ముడుచుకున్న గుర్రం ఆగిపోయినట్టుంటుంది. వేగం మీ బొమ్మలోనే ఉంది.

కుక్క వీపు గీత చూశారా, ఎంత ముదురుగా ఉందో! వెనక చెట్లు లేతగా ఉన్నాయి. చెట్ల గీతల్ని యాసిడ్ కొంచెం తినగానే రేకు పైకి తీసి, వాటి మీద వార్నిష్ పూసి, మళ్లీ ముంచుతారు. కుక్క మాత్రం ఇంకాసేపు నానుతుంది. దగ్గరా దూరం అలా పుడతాయి.

లామినేషన్ వద్దు. ఆ వేడికీ జిగురుకీ కాగితం మళ్లీ క్షేమంగా విడిరాదు. యాసిడ్ లేని మౌంట్ అట్టతో, అద్దం బొమ్మకి తగలకుండా ఫ్రేమ్ కట్టించండి. మన సముద్రపు తేమకి అద్దానికి అంటుకుందంటే చిరగకుండా తీయడం కష్టం. ఎండ పడే గోడా వంటింటి గోడా కాకుండా ఇంకెక్కడైనా తగిలించండి.